కుమ్ములో మిరపకాయలు

మంట లేకుండా కాలడం, అని రాసి సుద్దముక్క చేతిలో పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను, ఎంతసేపో తెలియదు, వెనక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యేదాకా, ఇప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా కళ్ల ముందు ఆ నల్లబోర్డే ఉంది, తొమ్మిదో తరగతి, మంగళవారం ఆఖరి పీరియడు, పైన స్మోల్డర్ అనే ఇంగ్లీషు క్రియ, దాని కింద నిలువుగా ఒక గీత, ఎడమ గడిలో మాటకు అసలు అర్థం, కుడి గడిలో మనుషులకు వాడినప్పుడు వచ్చే అర్థం, ఇరవై రెండేళ్లుగా ప్రతి కొత్త మాటకూ ఇట్లాగే గీస్తాను, మొదట వస్తువు, తర్వాత మనసు, అట్లా చెబితే పిల్లలకు గుర్తుంటుంది, ఎడమ గడి నిండింది, పొగ వస్తుంది, మంట కనపడదు, లోపల మెల్లగా కాలుతూ ఉంటుంది, చినుకులు పడ్డా ఆరదు, ఉదాహరణ కూడా రాశాను, ఊరి చివర చెత్తకుప్ప మూడు రోజులు అట్లా కాలింది అని, కుడి గడి దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగింది, నిఘంటువులో కోపం అని ఉంది, పైకి చెప్పని కోపం, అదొక్కటి రాసి ఊరుకుంటే సరిపోయేది, రాయలేకపోయాను, తేజస్వి లేచి నిలబడి, సార్, అంటే కుమ్ము లెక్కనా, మా నానమ్మ పచ్చడికి వంకాయలు కుమ్ముల పెడ్తది, పైకి బూడిదే కనవడ్తది గని చెయ్యి వెడ్తె చుర్రుమంటది, అన్నది, పిల్లలు నవ్వారు, అవునమ్మా, అదే, కూర్చో అన్నాను, మరి రెండో గడి సార్, అన్నది కూర్చోకుండానే, రేపు చెప్తానమ్మా అన్నాను, గంట కొట్టారు, బోర్డు తుడవకుండానే బయటికి వచ్చేశాను, ఇన్నేళ్లలో ఎప్పుడూ అట్లా రాలేదు.

స్టాఫ్ రూములో రామలింగం సార్ టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నాడు, తెలుగు చెప్పే మనిషి, మాటలంటే తీపి తిన్నట్టు ముఖం పెడతాడు, ఏం సార్, మీ ఇంగ్లీషోళ్లకు కాలుడుకు ఎన్ని మాటలున్నయ్ అని అడిగాడు, లెక్క పెట్టలేదు సార్ అన్నాను, మాయి సూడుండ్రి, కాలుడు, మండుడు, మాడుడు, కమురుడు, రగులుడు, కుములుడు, అన్నీ పొయ్యి కాడి ఆడోళ్లు ఇచ్చినయే, మనం పుస్తకాల్ల రాసుకున్నం గంతే, కట్టె గూడ కుముల్తది, మనిషి గూడ కుముల్తడు, మీకు రెండు గడులెందుకు సార్, ఒక్కటి సాలు, అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆ నవ్వును మధ్యలో మింగి, పెట్టిన డబ్బా మూతనే మళ్లీ తీసి పెట్టాడు, ఈ ఐదు నెలల్లో నా ముందు చాలామంది అట్లా నవ్వులు మింగారు, నవ్వితే నవ్వనీ అనుకుంటాను, కానీ ఆ మాట పైకి అనడానికి కూడా ఒక గొంతు కావాలి కదా, నా భార్య పద్మలత పోయింది సెప్టెంబరులో, ఇప్పుడు ఫిబ్రవరి, పదకొండు రోజుల జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోతూ పోయాయి, చనిపోయింది అంటే పేపర్లో వార్తలాగా ఉంటుంది, నిద్రించింది అంటే చర్చిలో ప్రకటనలాగా ఉంటుంది, నేను పోయింది అనే అంటాను, పోయిన మనిషి ఎక్కడో ఒక చోటికి పోయి ఉంటుందని ఆ మాటలో ఇంకా కొంచెం సందు ఉంది.

సుబేదారి దగ్గర బస్సు ఆగింది, ఎదురుగా ధర్మసాగర్ వైపు నుంచి మిరప బస్తాలు వేసుకొని ఒక ట్రాలీ ఆటో, ఎనుమాముల మార్కెట్‌కు పోతున్నట్టుంది, ఒక బస్తాకు కుట్టు ఊడి ఎర్రటి కాయలు తొంగి చూస్తున్నాయి, గాలి ఇటు తిరిగింది, అంతే, బస్సు మొత్తం తుమ్ములు, కండక్టరమ్మ టికెట్ మిషను చంకలో పెట్టుకొని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, డ్రైవరు తల బయటపెట్టి, ఓ తమ్మీ, మార్కెట్ బస్సులకే తెస్తానవా ఏంది అని అరిచాడు, అతను, మంచి ఘాటు కాయ అన్నా, జర వాసన సూడు, పైసలొద్దు తీ, అన్నాడు, అందరూ తుమ్ముతూ నవ్వుతూ ఉన్నారు, నాకు తుమ్ము రాలేదు, గాలి వచ్చి నా ముఖానికి తగిలి పక్కకు వెళ్లిపోయింది, అట్లాగే ఉంది ఈ మధ్య, కూరలో ఉప్పు ఎక్కువైనా తక్కువైనా ఒకటే, కీర్తన చేసిన పప్పు మాడితే నేను తినేశాక ఆ పిల్లే తిని చెప్పింది, డాడీ, మాడిపోయింది గదా, చెప్పకపోతివి అని.

మిరపకాయ అంటే పద్మ చెప్పిన మాట ఒకటి, పెళ్లయిన కొత్తలో, వాళ్ల అమ్మ సమ్మమ్మ గురించి, ధర్మసాగర్ పక్క ఊళ్లో మిరపచేన్లకు కూలికి పోయేది, ఇప్పటికీ పోతుంది, కాయ ఏరే రోజుల్లో చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోదు, అందుకని ఆ రెండు నెలలూ అమ్మ నన్ను అరచేత్తో ముట్టుకోలేదు తెలుసా, నేను ఏడ్చినా సరే అరచేయి వెనక్కి మడిచి, మణికట్టు వెనుకతో చెంప తుడిచేది, నేను చానా రోజులు అమ్మలందరూ అట్లాగే ముట్టుకుంటారనుకున్న, అని పద్మ చెప్పి నవ్వింది, నవ్వుతూనే తన మణికట్టు వెనుకతో నా బుగ్గ మీద రాసింది, ఎంత మెత్తగా ఉంటుందో మనిషికి ఆ చోటు, తర్వాత కీర్తన పుట్టాక చూశాను, పిల్లకు జ్వరం వస్తే అందరూ అరచేయి పెట్టి చూస్తారు, పద్మ మణికట్టు వెనుక పెట్టి చూసేది, తను ఎప్పుడూ మిరపకాయ ఏరలేదు, అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు చెప్పేది, అక్కడే కదా నేను చూసింది, నా మొదటి పోస్టింగు ఆ ఊళ్లోనే, పెళ్లికి ముందు బాప్తిస్మం తీసుకుని షారోన్ అయింది, సమ్మమ్మ మాత్రం, పేరు మార్చుకుంటె మార్చుకో, నా నోట్లె మటుకు పద్మనే వస్తది, అన్నది, ఆమెది ఆమె మాట, నన్ను మాత్రం మొదటిరోజు నుంచీ సారూ అనే పిలిచింది, అల్లుడా అని ఒక్కనాడూ అనలేదు, చదువుకున్నవాడిని అని గౌరవం అనుకున్నాను, ఇప్పుడనిపిస్తుంది, నా దగ్గర ఎంత దూరంలో నిలబడాలో ఆమె అప్పుడే కొలుచుకుంది.

ఫోను జేబులో వణికింది, కీర్తన మెసేజ్, డాడీ, అమ్మమ్మ వచ్చింది, తొందరగా రా, ఆ నాలుగు ముక్కలు మూడుసార్లు చదివాను, సమాధి రోజు నుంచి సమ్మమ్మ మా గడప తొక్కలేదు, ఫోను చేస్తే కీర్తనతో మాట్లాడి పెట్టేసేది, డాడీకి ఇయ్యాల్నా అమ్మమ్మా అని పిల్ల అడిగితే, వద్దు బిడ్డా, సారుకు పని ఉంటది, అనేది, నాకు తెలుసు ఎందుకో, కారణం తెలుసు, ఐదు నెలలుగా దానికి జవాబు తయారు చేస్తూనే ఉన్నాను, పరీక్షకు చదివినట్టు, జ్వరం మూడో రోజు సమ్మమ్మ పొద్దున్నే వచ్చింది, కొంగు ముడిలో ఎండు మిరపకాయలు, గల్లుప్పు, బిడ్డకు దిష్టి తగిలింది సారూ, తీసి పోత, అన్నది, నేను తలుపు దగ్గర నిలబడి, అత్తమ్మా, మా ఇంట్లో ఇవి వద్దు, ప్రార్థన చేస్తున్నాం కదా, అన్నాను, గట్టిగా అనలేదు, నేనెప్పుడూ గట్టిగా అనను, మంచం మీద నుంచి పద్మ నన్ను చూసింది, తర్వాత వాళ్ల అమ్మను చూసింది, పోనియ్యవే అమ్మా, అన్నది, సమ్మమ్మ ఆ ముడి అట్లాగే నడుముకు దోపుకొని ఆ పగలంతా కూతురి కాళ్లు పిసుకుతూ కూర్చుంది, ఎనిమిది రోజులకు పెద్ద దవాఖానలో అంతా అయిపోయింది, నా జవాబు సిద్ధంగా ఉంది, అత్తమ్మా, అది దోమ వల్ల వచ్చిన జ్వరం, మిరపకాయలు తిప్పితే ప్లేట్‌లెట్లు పెరగవు, డాక్టర్లు చేయగలిగింది చేశారు, నా మీద కోపం పెట్టుకోకు, వాక్యం తర్వాత వాక్యం, ఎక్కడా తప్పు లేదు, బస్సు ఎన్‌ఐటి గేటు దాటుతుంటే ఇంకోసారి అప్పగించుకున్నాను, మధ్యలో ఎందుకో సమాధి రోజు కూడా అడ్డం వచ్చింది, పెట్టె పక్కన కూర్చొని సమ్మమ్మ శోకం తీయడం మొదలుపెట్టింది, వాళ్ల ఊళ్లో అంతే కదా, రాగం తీసి, పేరు పెట్టి, చిన్నప్పటి నుంచి ఒక్కొక్కటీ తవ్వుతూ ఏడుస్తారు, చర్చి అక్కయ్యలు, ఊకో అమ్మా, షారోన్ ప్రభువు దగ్గర ఉన్నది, సంతోషపడాలె, అన్నారు, ఆమె వాళ్ల మాట వినలేదు, నా వైపు చూసింది, అత్తమ్మా, జర మెల్లగా, అందరున్నరు, అన్నాను, ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది, పద్మా అనే పిలుపు సగంలో తెగింది, చర్చి వాళ్ల పాట మొదలైంది, అది చిన్న విషయం, అసలు సంగతి మిరపకాయలది, అని దాన్ని పక్కకు నెట్టి మళ్లీ జవాబు మొదటి నుంచి మొదలుపెట్టాను, కాజీపేట వచ్చింది.

సమ్మమ్మ గడప బయటనే కూర్చొని ఉంది, కాళ్లు చాపుకొని, పక్కన చెప్పులు, లోపల చాప మీద కీర్తన గోడకు ఆనుకొని, ఒళ్లో పదో తరగతి సైన్స్ పుస్తకం, పుస్తకం మీద చూపు లేదు, మూడు రోజులుగా సరిగా తినలేదు, డాక్టరు చూసి ఏం లేదు సార్, పరీక్షల భయం అన్నాడు, నాకు తెలుసు భయం కాదని, ఈ ఐదు నెలల్లో ఆ పిల్ల ఒక్కసారి ఏడవలేదు, ఒక్కసారి నవ్వలేదు, అడిగిన దానికి జవాబు చెబుతుంది, ప్లేటు కడుగుతుంది, లైటు ఆర్పుతుంది, అన్నీ నాలాగే, మా ఇద్దరినీ చూసి చర్చిలో, ఎంత విశ్వాసం సార్ మీది, పాపకు గూడ అదే అబ్బింది, అంటారు, ఆ మాట విన్నప్పుడల్లా నా లోపల ఏదో చల్లబడుతుంది, నా బిడ్డ నా కళ్ల ముందే కొంచెం కొంచెం ఆరిపోతోంది, దాన్ని ఎట్లా పట్టుకోవాలో నాకు చేతకావడం లేదు, వచ్చినవా సారూ, అన్నది సమ్మమ్మ, ఐదు నెలల తర్వాత నాతో మొదటి మాట, వచ్చాను అత్తమ్మా, లోపలికి రాకపోయారా అన్నాను, పిల్ల సగమైంది, సూస్తలెవ్వా నువ్వు, అన్నది, డాక్టరుకు చూపించాను, ఏం లేదన్నాడు, ఏం లేకుంటె గిట్లెందుకుంటది సారూ, బొమ్మ లెక్క, అని కొంగు ముడి విప్పింది, ఏడు ఎండు మిరపకాయలు, గుప్పెడు గల్లుప్పు, ముడి విప్పిన తీరు చూస్తే ఆ రోజు కట్టిన ముడే ఇన్నాళ్లకు విప్పినట్టు ఉంది, నా వైపు చూడలేదు, కాయలను చూస్తూ, జర అగ్గి కావాలె, అన్నది, అమ్మమ్మా, గ్యాస్ ఉంది గదా, అన్నది కీర్తన, గ్యాసుది ఏం మంట బిడ్డా, అది కాల్చి పారేస్తది, కుములాలె గని, నిప్పులు కావాలె, మీ ఇంట్ల అగ్గే లేదాయె, అన్నది.

గోడ మీద వాక్యాల క్యాలెండరు, దాని పక్కన మా నాన్న ఫోటో, చర్చి పెద్దగా చేసిన మనిషి, నా నోటి దాకా అదే వాక్యం వచ్చింది, మా ఇంట్లో ఇవి వద్దు, అంత మెత్తగానే, అప్పుడు కీర్తన, నేనే రమ్మన్న డాడీ, అన్నది, నేనే ఫోన్ చేసిన, అన్నది, తల ఎత్తి నా కళ్లలోకి చూసి అన్నది, ఆ పిల్ల ఏదైనా కావాలని అడిగి ఎన్నాళ్లయింది, నేను బ్యాగు కుర్చీలో పెట్టి, వంటింట్లో పాత ఇనుప మూకుడు వెతికి తీసుకొని, చెప్పులు వేసుకొని బయటికి నడిచాను, ఎండ పసుపుగా దిగుతోంది, గల్లీలో పిల్లలు క్రికెట్ ఆపి, గుడీవినింగ్ సార్, అన్నారు, చేతిలో మూకుడు చూసి ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు, ఏదో నిద్రలో నడిచినట్టు, నా కాళ్లు నన్ను తీసుకుపోతున్నాయి, గల్లీ మొగలో పాండురంగం ఇస్త్రీ బండి, బొగ్గుల ఇస్త్రీపెట్టె, ఇంకా కరెంటుకు మారలేదు, ఏం సార్, మీరే అచ్చిన్రు, మీ అంగీలు ఇంక కాలేదు, అన్నాడు, అంగీలకు కాదు, కొంచెం నిప్పులు కావాలి, అన్నాను, ఎందుకు సార్ అన్నాడు, దోమలకు అని చెప్పొచ్చు, నాలుక మీదికి వచ్చింది కూడా, దిష్టి తీయడానికి, అన్నాను, అతను నవ్వలేదు, ఇస్త్రీపెట్టె మూత తీసి పట్టుకారుతో ఒక్కొక్కటీ ఏరి మూకుట్లో వేశాడు, అన్నీ తెల్లటి బూడిద కప్పుకొని ఉన్నాయి, గివి సల్లారినట్టే కనవడ్తయ్ సార్, నమ్మి ముట్టుకునేరు, పొద్దుగాల నుంచి గిట్లనే ఉన్నయ్, మెల్లగ పోండ్రి, గాలి తగుల్తె లేస్తయ్, మేడమైతే కొంగు అడ్డం పెట్టుకొని పోయేటిది, అన్నాడు, ఏ మేడం అన్నాను, మన మేడమే సార్, పాప చిన్నగున్నప్పుడు మంగళారం మంగళారం వచ్చి పట్కపోయేటిది, మీరు బడికాడ ఉండేటోళ్లు, అని, తను అనకూడని మాట అన్నానని తెలిసి గబగబా ఇస్త్రీపెట్టె ఎత్తుకొని ఎవరిదో చీర మీద పెట్టాడు.

మూకుడు అంచు వేడి చేతిగుడ్డ దాటి వేళ్లకు తగులుతోంది, నేను మెల్లగా నడుస్తున్నాను, గాలి తగలకుండా ఛాతీకి దగ్గరగా పట్టుకొని, ఇదే గల్లీ, ఇదే సాయంత్రం ఎండ, పద్మ నా ముందు నడుస్తున్నట్టు ఉంది, కొంగు అడ్డం పెట్టుకొని, నీలి చీర, మడమలు పగిలిన కాళ్లు, ఇంత నిప్పు పట్టుకొని ఎన్నిసార్లు నడిచిందో ఈ దారిలో, నేను బడి నుంచి వచ్చేలోగా కిటికీలన్నీ తెరిచి పొగ పోగొట్టి, మూకుడు తోమి బోర్లించి, అగరొత్తి కూడా వెలిగించకుండా, మా ఇంట్లో అదీ లేదు కదా, ఏమీ జరగనట్టు నాకు చాయ్ ఇచ్చి ఉంటుంది, నాతో చెప్పలేదు, మోసం అనిపించడం లేదు, చెబితే నేను ఏమంటానో, ఎంత మెల్లగా అంటానో ఆమెకు తెలుసు, తిడితే ఎదురు చెప్పొచ్చు, అరిస్తే అలగవచ్చు, నా మెత్తటి మాట మీద ఆమెకు ఎక్కడా పట్టు దొరికి ఉండదు, పోనియ్యవే అమ్మా, అన్న రోజు ఆమె నన్ను చూసిన చూపు ఇప్పుడు మళ్లీ చూస్తున్నాను, అందులో నొప్పి ఉందా, జాలి ఉందా, నీకేం తెలుసు అనే చిన్న నవ్వు ఉందా, పద్మా, ఒక్కసారి వెనక్కి తిరుగు, అడుగుతాను, అనుకుంటుండగానే మా గేటు వచ్చింది.

కీర్తనను తూర్పు ముఖంగా కూర్చోబెట్టింది సమ్మమ్మ, గడప దాటి లోపలికి వచ్చింది, నేను మూకుడు కింద పెట్టి పక్కకు జరగబోతే, నువ్వు గూడ కూసో సారూ, పిల్ల పక్కకు, అన్నది, కూర్చున్నాను, నా మోకాలు కీర్తన మోకాలికి తగిలింది, పిల్ల జరగలేదు, సమ్మమ్మ గుప్పిట బిగించి మా ఇద్దరి తలల చుట్టూ తిప్పింది, ఇరుగోళ్ల కన్ను, పొరుగోళ్ల కన్ను, బడిల కన్ను, బజార్ల కన్ను, అని లోపల్లోపలే ఏదో అంటూ మూడుసార్లు ఇటు, మూడుసార్లు అటు, ఆ గుప్పిట నా కళ్ల ముందు నుంచి పోతుంటే చూశాను, వేళ్ల చివరలు ఎర్రగా పగిలి ఉన్నాయి, ఏరుతున్న రోజులే కదా ఇవి, తూ తూ అని, గుప్పిట మూకుట్లో విప్పింది, ఉప్పు చిటపటలాడింది, కాయలు బూడిద మీద పడి ఏమీ కానట్టు ఒక క్షణం అట్లాగే ఉన్నాయి, తర్వాత ఒక్కొక్కటీ అంచుల దగ్గర నల్లబడి, ముడుచుకొని, మంట లేదు, ఎక్కడా మంట లేదు, సన్నటి నీలిపొగ ఒకటి లేచి వంగి గది అంతా తిరిగి నా ముక్కు దగ్గరికి వచ్చింది, నేను తుమ్మాను, కీర్తన దగ్గింది, నాకు గొంతులో ముల్లు దిగినట్టు అయి దగ్గు, తుమ్ము, మళ్లీ దగ్గు, ఐదు నెలల తర్వాత ఒక వాసన నన్ను పట్టుకొని ఊపుతోంది, పైవాటా నుంచి ఎవరో, ఓ ఎవలమ్మా మిర్పకాయలు మాడవెట్టింది, సంపుతాన్రు గదా, అని అరిచారు, కీర్తన దగ్గుతూనే కిసుక్కుమంది, నవ్వు, నవ్వే అది, సమ్మమ్మ ముక్కు చీది, గింత ఘాటొచ్చిందంటె దిష్టి ఏం లేదు బిడ్డా, దిష్టి ఉంటె వాసనే రాకపోవు, అన్నది, ఆ గొంతులో కొంచెం నిరాశ కూడా ఉంది, ఎవరి కన్నూ తగలలేదు, తప్పు పట్టడానికి ఎవరూ లేరు.

ఇదే సమయం అనుకున్నాను, అత్తమ్మా, ఆ రోజు మిరపకాయలు వద్దన్నాను, నా మీద కోపం ఉంటుంది, కానీ అది దోమ వల్ల వచ్చిన జ్వరం, డాక్టర్లు, అని అప్పగింత మొదలుపెట్టాను, దగ్గులో వాక్యాలు విరిగిపోతున్నాయి, ఆమె చెయ్యి అడ్డం పెట్టింది, గది నాకెరుకలేదా సారూ, మిర్పకాయలకే బతికేటట్టైతె మా ఊళ్లె ఎవలు సత్తురు, మా ఆయన సచ్చిండు, మా అన్న సచ్చిండు, ఇండ్ల నీ తప్పేమున్నది, నువ్వు ఎత్తుకొని ఉరికినవ్, దవాఖాన్ల నిద్ర లేకుంట ఉన్నవ్, నేను సూడలేదా, అన్నది, మరి ఎందుకు అత్తమ్మా మాట్లాడలేదు ఇన్నాళ్లు, అని అడిగాను, ఆమె పొగను చూస్తూ, నా బిడ్డ కోసం నన్ను ఏడ్వనియ్యలే గద సారూ, అన్నది, అంతే అన్నది, తిట్టినట్టు కాదు, చేన్లో ఎవరో అడిగితే ఇన్ని కాయలు ఏరిన అని చెప్పినట్టు, కడుపుల బిడ్డ కట్టె లెక్క పండుకున్నది, ఊరందరి పీనుగులకు శోకం తీసిన నోరు నాది, నా బిడ్డకు తియ్యకపోతి, అందరున్నరంటివి, నువ్వన్నవని మింగిన, గది ఇంక దిగలే సారూ, గీడనే ఉన్నది, అని గొంతు కింద చేయి పెట్టి చూపించింది, చేన్ల ఏడ్సుకుంటాన్న, ఏందే సమ్మక్కా అని అడిగితె మిర్పకాయ మంట అని చెప్తాన్న.

నా జవాబు ఎక్కడికో పోయింది, ఐదు నెలలు వాక్యం వాక్యం దిద్దుకున్న జవాబు, అడగని ప్రశ్నకు రాసిన జవాబు, కళ్లు మండుతున్నాయి, నీళ్లు కారుతున్నాయి, పొగ వల్లే అనుకున్నాను, కీర్తన ముఖం నిండా కూడా నీళ్లు, ముక్కు ఎర్రగా అయింది, కిటికీ తెరుస్త డాడీ, అని లేవబోయింది, ఉండనీ బిడ్డా, కూర్చో, అన్నాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది, పొగలో గది అంచులు కరిగిపోయాయి, క్యాలెండరు లేదు, ఫోటో లేదు, మూకుట్లో ఎర్రగా కళ్లు తెరుస్తున్న నిప్పులు, వాటి చుట్టూ మేం ముగ్గురం, సమ్మమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని ముందుకు వంగింది, ఒకసారి, రెండుసార్లు ఊగింది, అప్పుడు వచ్చింది, ఓ పద్మా, అని, సెప్టెంబరులో తెగిన చోట నుంచే అందుకున్నట్టు, మధ్యలో ఐదు నెలలు లేనట్టు, ఓ పద్మా, మిర్పచేన్ల పండవెట్టి పెంచితి బిడ్డా, ఎర్రని సేతుల ముట్టకుంట పెంచితి బిడ్డా, ఎనకసేయి నీకు ఎంత సాలిందో బిడ్డా, బడి పిల్లలకు పాట సెప్పి నాకు సెప్పక పోతివా బిడ్డా, రాగం మెట్లు దిగినట్టు దిగుతూ, దిగిన చోట ఊపిరి తీసుకొని మళ్లీ పైకి పోతూ, అందులో పద్మ చిన్న గౌను వేసుకొని వచ్చింది, మొదటిసారి చెరువు చూసి భయపడింది, అంగన్‌వాడీ తాళంచెవి నడుముకు కట్టుకుంది, ఇమ్మానుయేలు సారు మంచోడే అమ్మా అని నా గురించి పొయ్యి దగ్గర చెప్పింది, ఇవన్నీ నాకు ఎవరూ చెప్పలేదు, కీర్తన చాప మీద పాకుకుంటూ పోయి అమ్మమ్మ ఒళ్లో ముఖం పెట్టి, అమ్మా, అన్నది, మొదట చిన్నగా, తర్వాత గోడలు వినేలా, ఏడ్చింది, నా బిడ్డ ఏడ్చింది, పైవాటాలో అడుగుల చప్పుడు ఆగిపోయింది, గల్లీలో క్రికెట్ ఆగిపోయింది, సమ్మమ్మకు ఆ నిశ్శబ్దం తెలిసింది, రాగం మధ్యలో ఆగి, ఎర్రటి కళ్లతో నన్ను చూసి, ఆపాల్నా సారూ, అందరింటాన్రు, అన్నది.

ఆపకు అమ్మా, అన్నాను, అత్తమ్మా అనలేదు, నోట్లో నుంచి అట్లా వచ్చింది, దాని వెనకాలే ఇంకేదో వచ్చింది, మాట కాదు, ఏ గడిలోనూ పట్టనిది, నా భుజాలు వాటంతట అవే కదులుతున్నాయి, ఆమె ముందుకు వంగి, అరచేయి వెనక్కి మడిచి, మణికట్టు వెనుకతో నా చెంప తుడిచింది, ఊకో అనలేదు, ఏడ్వు కొడుకా, అన్నది, ఆ మెత్తటి చోటు నాకు తెలుసు, ఇరవై ఏళ్లు తెలుసు, కళ్లు మూసుకున్నాను, చుట్టూ పొగ, పొగలో ఆమె రాగం మళ్లీ అందుకుంది, ఓ పద్మా అని, ఇప్పుడు ఎక్కడా తెగకుండా పోతోంది, ఇది ఇంత సులువా, ఇంతసేపూ మా మధ్యనే ఉన్నా నాకు తెలియలేదు, ఈ ఇంట్లో పద్మ కోసం ఏడవడం వచ్చిన మనిషి ఆమె ఒక్కతే, మేమిద్దరం ఆమె దగ్గర నేర్చుకోవలసిన వాళ్లం, ఆ ఒక్క మనిషినీ ఆ రోజు మెల్లగా, చాలా మెల్లగా ఆపింది నేనే.